హార్డ్ డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతమేనా? కారణం పట్టుకుని సరిచేసుకునే పద్ధతి, వరుసగా

సిస్టమ్ ఆన్ చేసి పది నిమిషాలైనా బ్రౌజర్ తెరుచుకోదు. మౌస్ కదులుతుంది గానీ క్లిక్ చేస్తే పలకదు. క్యాబినెట్ ముందున్న చిన్న లైటు ఆరదు. చెవి దగ్గర పెడితే లోపల కరకరమని చప్పుడు. ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుతోందో చూపించే టాస్క్ మేనేజర్‌ను ఎలాగో తెరిస్తే డిస్క్ పక్కన ఎర్రగా 100 శాతం.

దీనికి ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. ఇక్కడ మొత్తం ఒకచోట, చేయాల్సిన వరుసలోనే రాస్తున్నాను. విండోస్ 10, 11 ఉన్న ఇంటి కంప్యూటర్ల కోసం ఇది. మెనూల పేర్లు మీ వెర్షన్‌ను బట్టి కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఏదో వీడియో చూసి పది సర్వీసులు (కనబడకుండా వెనకాల నడిచే ప్రోగ్రాములు) ఒకేసారి ఆపేసేవాళ్లే ఎక్కువ. సిస్టమ్ బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియదు, పాడైతే దేనివల్ల పాడైందో తెలియదు. డిస్క్‌ను ఎవరు వాడుతున్నారో ముందు కనిపెట్టాలి. చేయి పెట్టడం ఆ తర్వాతే.

1. మొదలుపెట్టే ముందు

ఈ పనికి సాయంత్రం రెండు గంటలు ఖాళీ ఉంచుకోండి. మధ్యలో వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

సిద్ధం చేసుకోవలసినవి:

- ముఖ్యమైన ఫైళ్ల కాపీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో ఉండాలి. ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు, అకౌంట్ల డేటా ముందు. సినిమాలు తర్వాత.
- బ్రౌజర్ బుక్‌మార్క్‌లు, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు మీ అకౌంట్‌తో సింక్ అవుతున్నాయో లేదో చూసుకోండి.
- అడ్మిన్ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుండాలి.
- ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఉంచండి. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ పనిచేస్తోందో లేదో చూడండి. డిస్క్ రిపేర్ జరుగుతుండగా కరెంటు పోతే కొత్త తలనొప్పి.
- ఒక నోట్‌బుక్, పెన్ను. ఏం మార్చారో, ఎన్ని గంటలకు మార్చారో రాసుకోవడానికి.

డిస్క్ నుంచి టక్... టక్... అని ఒకే లయలో చప్పుడు వస్తుంటే మిగతాదంతా పక్కనపెట్టండి. కాపీ ఒక్కటే చేయండి. డిస్క్ పోయే ముందు వచ్చే చప్పుడు అది. అలాంటప్పుడు స్కాన్‌లు, డీఫ్రాగ్‌లు (ఫైలు ముక్కలను ఒకచోటికి చేర్చే పని) పెడితే మిగిలిన ప్రాణం కూడా పోతుంది. కాపీ కూడా కాకపోతే సిస్టమ్ ఆఫ్ చేసి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి.

2. ఆ 100 శాతం దేనికి లెక్క?

ఇక్కడ అర్థం కాకపోతే ముందుకెళ్లి లాభం లేదు, అందుకే కాస్త ఆగుతున్నాను.

100 శాతం అంటే డిస్క్ నిండిపోయిందని కాదు, పూర్తి వేగంతో పనిచేస్తోందని కూడా కాదు. గడిచిన క్షణంలో డిస్క్‌కు ఖాళీ దొరకలేదని మాత్రమే. టాస్క్ మేనేజర్ దాన్ని యాక్టివ్ టైమ్ అంటుంది.

కిరాణా కొట్టులో సామాను తెచ్చిచ్చే కుర్రాడు ఒక్కడే ఉన్నాడనుకోండి. ఒకే మనిషి వచ్చి బియ్యం బస్తాలు పది కావాలంటే ఒకచోటి నుంచి వరుసగా మోసుకొస్తాడు, పని చకచకా అవుతుంది. అదే పదిమంది నిలబడి ఒకరు జీలకర్ర, ఒకరు అగ్గిపెట్టె, ఒకరు అటక మీద ఉన్న అప్పడాలు అడిగితే? వాడు క్షణం కూర్చోడు. అయినా కౌంటర్ మీదికి వచ్చింది గుప్పెడు సరుకే.

మామూలు హార్డ్ డిస్క్ పరిస్థితి అదే. నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరిగే పళ్లెం మీద, చదివే హెడ్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరగాలి, ఆ చోటు తిరిగి తన కిందికి వచ్చేదాకా ఆగాలి. ఒక్కో చిన్న పనికి పది, పదిహేను మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు ఎనభై, వంద పనులకు మించి కావు. ఒక్కో పనిలో 4 కేబీ మాత్రమే చదివితే సెకనుకు అర ఎంబీ కూడా దాటదు. పెద్ద ఫైలును వరుసగా చదివేటప్పుడు అదే డిస్క్ సెకనుకు 100 ఎంబీ ఇవ్వగలదు.

కాబట్టి 100 శాతం, పక్కన 0.6 ఎంబీ అని కనబడితే కంగారు పడకండి. చిన్న చిన్న పనులు నాలుగు దిక్కుల నుంచి మీదపడుతున్నాయని అర్థం, లేదా డిస్క్ జబ్బు పడిందని. రెంటిలో ఏదో తేల్చడమే తర్వాతి రెండు మెట్లు.

3. ముందు కొలవండి

1) సిస్టమ్ రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్టే. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా మూతపడదు.

2) లాగిన్ అయ్యాక పదిహేను నిమిషాలు ఏమీ ముట్టుకోకండి. బూట్ అయిన కొత్తలో డిస్క్ 100 కొట్టడం మామూలే. అప్పుడు చూసి తీర్పు చెప్పకూడదు. టీ తాగి రండి.

3) కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి డిస్క్ 0 మీద నొక్కండి. డిస్క్ పేరు కింద హెచ్‌డీడీయా (తిరిగే మామూలు హార్డ్ డిస్క్), ఎస్ఎస్‌డీయా (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్) అన్నది కూడా ఉంటుంది.

4) ఈ నాలుగూ నోట్‌బుక్‌లో రాసుకోండి: యాక్టివ్ టైమ్, యావరేజ్ రెస్పాన్స్ టైమ్, రీడ్ స్పీడ్, రైట్ స్పీడ్. అయిదు నిమిషాలాగి మరోసారి రాయండి.

5) పక్కనే మెమరీ మీద నొక్కి, ర్యామ్ (నడుస్తున్న ప్రోగ్రాములు ఉండే తాత్కాలిక చోటు) ఎంత శాతం వాడకంలో ఉందో కూడా రాసుకోండి.

ఇక చదవడం ఎలాగంటే:

- పదిహేను నిమిషాల తర్వాత యాక్టివ్ టైమ్ దానంతటదే తగ్గిపోతే డిస్క్‌కు జబ్బు లేదు. స్టార్టప్‌లో బరువు ఎక్కువైంది. 7వ మెట్టుకు వెళ్లొచ్చు.
- 100 శాతం ఉంది, స్పీడ్ కూడా బాగానే ఉంది, పదుల ఎంబీల్లో. ఎవరో పెద్ద పని చేస్తున్నారు. 5వ మెట్టు.
- 100 శాతం ఉంది, స్పీడ్ ఒకటి రెండు ఎంబీలు, రెస్పాన్స్ టైమ్ 20, 50, 100 మిల్లీసెకన్ల మధ్య. చిన్న పనుల తాకిడి. ఇదీ 5వ మెట్టే. మెమరీ 90 శాతం దాటి ఉంటే అనుమానం ముందు ర్యామ్ మీదికి పోవాలి.
- 100 శాతం ఉంది, స్పీడ్ సున్నాకు దగ్గర, రెస్పాన్స్ టైమ్ మాత్రం వెయ్యి, రెండు వేల మిల్లీసెకన్లు. ఒక్క పనికి రెండు సెకన్లు! డిస్క్ మీదో కేబుల్ మీదో అనుమానపడాలి. 4వ మెట్టు వెంటనే చూడండి.

4. డిస్క్ ఆరోగ్యం చూడటం

ప్రతి డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే లెక్క రాసుకుంటుంది. దాన్ని స్మార్ట్ డేటా అంటారు. అది చూపించే ఉచిత ప్రోగ్రాముల్లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తేలిక. దాని సొంత సైట్ నుంచే దించుకోండి. డౌన్‌లోడ్ పేజీలో ప్రకటనల బటన్లు ఉంటాయి, జాగ్రత్త.

తెరవగానే పైన గుడ్, కాషన్, బ్యాడ్ అని మూడింట్లో ఒకటి కనబడుతుంది. గుడ్ అని ఉన్నంత మాత్రాన వదిలేయకుండా కింద జాబితాలో నాలుగు వరుసలు చూడండి:

- 05, రీఅలకేటెడ్ సెక్టర్స్: పాడైపోతే పక్కనపెట్టిన చోట్లు. కొన్ని ఉండి, నెలల తరబడి పెరగకపోతే నెట్టుకురావచ్చు.
- సీ5, కరెంట్ పెండింగ్ సెక్టర్స్: చదవడానికి ఇబ్బంది పెడుతున్న చోట్లు. డిస్క్ ఆగి ఆగి ప్రయత్నించేది ఇక్కడే. సున్నా కాకపోతే బ్యాకప్ ఇవాళే తీసుకోండి.
- సీ6, అన్‌కరెక్టబుల్: ఇది కూడా సున్నాయే ఉండాలి.
- సీ7, సీఆర్‌సీ ఎర్రర్స్: డిస్క్‌కు, మదర్‌బోర్డుకు మధ్య మాట సరిగ్గా చేరకపోవడం. చాలాసార్లు కేబుల్ దోషం.

రా వాల్యూస్ అనే నిలువు వరుసలో అంకెలతోపాటు అక్షరాలు కనబడి భయపెడతాయి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్‌లోకి వెళ్లి పదుల లెక్కకు మార్చుకుంటే మామూలు సంఖ్యలు వస్తాయి.

సీ7 గురించి ఒక సంగతి. మా బావగారి డెస్క్‌టాప్ ఏడాదిలో మూడుసార్లు షాపుకు వెళ్లింది. మూడుసార్లూ ఫార్మాట్ కొట్టి పంపారు. నెల తిరిగేసరికి మళ్లీ అదే నత్తనడక. పండక్కి వెళ్లినప్పుడు చూస్తే 05, సీ5, సీ6 మూడూ సున్నాలే, సీ7 మాత్రం వేలల్లో ఉంది. సైడు డోరు తీశాను. డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే జానెడు ఎర్ర సాటా కేబుల్, డిస్క్ వైపు పిన్ దగ్గర మడతపడి వదులుగా వేలాడుతోంది. కొత్త కేబుల్ వేశాక ఆ సంఖ్య తగ్గలేదు, తగ్గదు కూడా, అది ఇప్పటిదాకా జరిగిన మొత్తం లెక్క. కానీ వారం తర్వాత చూసినా ఒక్కటి పెరగలేదు. మనం చూడాల్సింది అదే.

కేబుల్ మార్చేటప్పుడు ప్లగ్ పూర్తిగా పీకండి. క్యాబినెట్ లోపలి ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకాకే పార్టుల మీద చేయి వేయండి. దుమ్ము కనబడిందని తడి గుడ్డ పెట్టకండి.

స్మార్ట్ డేటాతో పాటు విండోస్ డైరీ కూడా చూడొచ్చు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ మీద నొక్కి, సోర్స్ దగ్గర డిస్క్ అని ఉన్న వరుసలు వెతకండి. ఈవెంట్ 7 అంటే బ్యాడ్ బ్లాక్. 153 అంటే ఒకసారి కాక మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిందని. వేరే సోర్స్ పేరుతో 129 కూడా ఉంటే, డిస్క్ పలకక దాన్ని రీసెట్ చేయాల్సి వచ్చిందని అర్థం. నెలకొకటి కనబడితే గాబరా వద్దు. రోజుకు పదులు ఉంటే డిస్కో కేబులో తేడా చేసినట్టే.

డిస్క్ నిజంగా పాడైందని తేలితే మిగతా మెట్లన్నీ దండగ. డేటా తీసుకుని 9వ మెట్టుకు వెళ్లండి.

5. ఎవరు వాడుతున్నారో పట్టుకోవడం

డిస్క్ బాగానే ఉందని తేలింది. ఇప్పుడు దొంగను పట్టాలి.

టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసెస్‌కు వెళ్లి డిస్క్ అనే హెడ్డింగ్ మీద నొక్కితే ఎక్కువ వాడేవాళ్లు పైకి వస్తారు. కానీ అక్కడ తరచూ సిస్టమ్ అనో, సర్వీస్ హోస్ట్ అనో మాత్రమే ఉంటుంది. ఆ పేర్లతో ఏమీ తేలదు. అందుకే రిసోర్స్ మానిటర్ కావాలి. స్టార్ట్ మెనూలో ఆ పేరు టైపు చేసి తెరవండి.

1) డిస్క్ ట్యాబ్‌లోకి వెళ్లండి.

2) డిస్క్ యాక్టివిటీ అనే భాగాన్ని విప్పండి. అక్కడ ప్రోగ్రాము పేరే కాదు, ఏ ఫైలును చదువుతోందో, రాస్తోందో కూడా ఉంటుంది. అసలు విలువంతా ఆ ఫైల్ అనే నిలువు వరుసలోనే ఉంది.

3) టోటల్ అనే హెడ్డింగ్ మీద రెండుసార్లు నొక్కి పెద్దవి పైకి తెచ్చుకోండి.

4) రెండు నిమిషాలు కళ్లార్పకుండా చూడండి. పదేపదే పైకి వచ్చే రెండు, మూడు పేర్లు, వాటి పక్కనున్న ఫైళ్ల పేర్లు రాసుకోండి.

ఉదాహరణకు నేను చూసిన ఒక ల్యాప్‌టాప్‌లో పైన సిస్టమ్ అని ఉంది. దాన్నిబట్టి విండోస్ పాడైందనే అనుకుంటాం. ఫైల్ వరుసలో మాత్రం మాటిమాటికీ పేజ్‌ఫైల్ అనే పేరు వచ్చింది. అంటే ర్యామ్ చాలక విండోస్ డిస్క్‌ను ర్యామ్‌లా వాడుకుంటోంది. దాని కిందే యాంటీవైరస్, అది పిల్లాడి గేమ్ ఫోల్డర్‌లోని ఫైళ్లను ఒక్కొక్కటే తెరిచి చూస్తోంది. రెండు కారణాలూ అక్కడే దొరికాయి, ఫార్మాట్‌తో పనే పడలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఊరూ పేరూ తెలియని ప్రోగ్రామ్ మీ ఫోటోల, డాక్యుమెంట్ల ఫోల్డర్లలో వరుసగా రాస్తూ పోతుంటే, ఆ ఫైళ్ల పేర్ల చివర కొత్త అక్షరాలు చేరుతుంటే, ఆలోచించకండి. ఇంటర్నెట్ తీసేయండి, బ్యాకప్ డిస్క్ పెట్టి ఉంటే పీకేయండి, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే ర్యాన్సమ్‌వేర్ తీరు అదే.

6. దొరికిన పేరును బట్టి మందు

ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చాక రీస్టార్ట్, పదిహేను నిమిషాల ఆగడం, మళ్లీ కొలత.

6.1 పేజ్‌ఫైల్ కనబడితే: ర్యామ్ చాలడం లేదు

నా అనుభవంలో ఇళ్లలో ఎక్కువగా దొరికే కారణం ఇదే. 4 జీబీ ర్యామ్, విండోస్ 10 లేదా 11, క్రోమ్‌లో ఇరవై ట్యాబులు, వెనకాల వాట్సాప్. అది మోయలేదు.

డబ్బు ఖర్చు లేకుండా ముందు చేయగలిగినవి: క్రోమ్ సెట్టింగ్స్‌లో పెర్ఫార్మెన్స్‌కు వెళ్లి మెమరీ సేవర్ ఆన్ చేయండి. అవసరం లేని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్ చూసి వాడనివి అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

దీంతో కొంత ఊపిరి వస్తుంది గానీ అసలు మందు 8 జీబీకి పెంచడమే. కొనే ముందు చూసుకోవలసినవి:

- టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్, మెమరీలో స్లాట్స్ యూజ్డ్ దగ్గర 1 ఆఫ్ 2 అని ఉంటే ఒక స్లాటు ఖాళీ. 2 ఆఫ్ 2 ఉంటే పాతది తీసి పెద్దది వేయాలి.
- అక్కడే ఫామ్ ఫ్యాక్టర్, స్పీడ్ ఉంటాయి. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిగా ఉంటుంది, డెస్క్‌టాప్‌ది అందులో పట్టదు.
- డీడీఆర్3, డీడీఆర్4 అనే ర్యామ్ రకాలు ఒకదాని చోట ఒకటి కూర్చోవు. పాతది విప్పి, దాని మీద స్టిక్కర్ ఫోటో తీసి షాపులో చూపించడం మేలు.
- సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లో విండోస్ 32 బిట్ అని ఉంటే 4 జీబీకి మించి వేసినా వాడుకోదు. ముందు 64 బిట్ విండోస్ వేసుకోవాలి.
- కొన్ని సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచడానికి వీలుండదు.

పేజ్‌ఫైల్‌ను ఆఫ్ చేసేస్తే పీడ పోతుందని కొందరు చెబుతారు. చేయకండి. ర్యామ్ నిండగానే ప్రోగ్రాములు చెప్పాపెట్టకుండా మూతపడతాయి. దాన్ని విండోస్‌కే వదిలేయండి.

6.2 విండోస్ అప్‌డేట్, మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్

సిస్టమ్‌ను నెలకోసారి మాత్రమే ఆన్ చేసే ఇళ్లలో ఇది తప్పదు. నెల రోజుల అప్‌డేట్లన్నీ ఆ అరగంటలో మీదపడతాయి. మధ్యలో ఆపేస్తే మర్నాడు మళ్లీ మొదలు. ఒక రాత్రి ఆన్‌లో ఉంచి, అప్‌డేట్లన్నీ పూర్తి చేసి, రీస్టార్ట్ చేసి, ఇంకేమీ లేవని చెప్పేదాకా చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయి.

అప్‌డేట్ సెట్టింగ్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ తెరిచి ఇతర పీసీల నుంచి డౌన్‌లోడ్ అనేది ఆఫ్ చేయండి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అప్‌డేట్లు రావడం లేదు కదా, ఇక హాయి అనుకోకండి. సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా అందులోవే.

6.3 యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్, లేదా బయటి యాంటీవైరస్

మొదటిది విండోస్ సొంత డిఫెండర్. స్కాన్ నడుస్తుంటే పూర్తి కానివ్వండి. రోజూ మీరు పని చేసుకునే వేళకే వస్తుంటే టాస్క్ షెడ్యూలర్‌లో మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్ వరుసలో వెళ్లి షెడ్యూల్డ్ స్కాన్‌కు వేరే సమయం పెట్టండి.

బయటి యాంటీవైరస్‌లు రెండు ఉంటే ఒకటి తీసేయాల్సిందే. ఒకటి తెరిచిన ఫైలును రెండోది, రెండోది తెరిచినదాన్ని మొదటిది తనిఖీ చేస్తూ కూర్చుంటాయి. షాపువాళ్లు వేసిచ్చిన ట్రయల్ వెర్షన్ గడువు అయిపోయి అలాగే పడి ఉండటం కూడా మామూలే. అది తీసేశాక డిఫెండర్ ఆన్ అయిందో లేదో విండోస్ సెక్యూరిటీలో చూడండి.

6.4 సెర్చ్ ఇండెక్సర్

ఫైళ్లను తొందరగా వెతకడానికి విండోస్ ముందే పట్టిక రాసుకునే పని ఇది. ఫోన్ నుంచి వేల ఫోటోలు కాపీ చేసిన రోజు గట్టిగా పనిచేస్తుంది. ఒకటి రెండు రోజుల్లో సద్దుమణగాలి. కంట్రోల్ ప్యానెల్‌లో ఇండెక్సింగ్ ఆప్షన్స్ తెరిస్తే పైన ఇండెక్సింగ్ కంప్లీట్ అని ఉండాలి. వారమైనా ఆ మాట రాకపోతే అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి రీబిల్డ్ నొక్కి, రాత్రంతా వదిలేయండి. సెట్టింగ్స్‌లో సెర్చ్ విభాగంలో క్లాసిక్ అనేది ఎంచుకుంటే మొత్తం డిస్క్ కాకుండా ముఖ్యమైన ఫోల్డర్లే చూస్తుంది.

6.5 వన్‌డ్రైవ్, టొరెంట్లు

మీ ఫైళ్లను మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లోకి పంపే యాప్ వన్‌డ్రైవ్. టాస్క్‌బార్‌లో దాని మబ్బు బొమ్మ మీద నొక్కి పాజ్ సింకింగ్ ఎంచుకోండి. 2 గంటలు చాలు. డిస్క్ తగ్గిపోతే కారణం దొరికినట్టే. డెస్క్‌టాప్, పిక్చర్స్ ఫోల్డర్లు మీకు తెలియకుండానే సింక్‌లో చేరి ఉండొచ్చు, బ్యాకప్ సెట్టింగ్స్‌లో చూసుకోండి. ఫైళ్లు క్లౌడ్‌లోకి చేరాక ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడ కూడా పోతాయన్నది మాత్రం మరవొద్దు. టొరెంట్ ప్రోగ్రాము క్లోజ్ నొక్కినా గడియారం పక్కన దాక్కుని నడుస్తూనే ఉంటుంది.

6.6 సిస్‌మెయిన్

పాత పేరు సూపర్‌ఫెచ్. మీరు రోజూ వాడే ప్రోగ్రాములను ముందే ర్యామ్‌లోకి తెచ్చి పెడుతుంది. ఏ వీడియో చూసినా మొదటి సలహా దీన్ని ఆపేయమనే. పరీక్షగా ఆపి చూడటం తప్పు కాదు: స్టార్ట్‌లో సర్వీసెస్ అని తెరిచి, సిస్‌మెయిన్ మీద రైట్ క్లిక్, స్టాప్. పావుగంటలో తేడా కనబడకపోతే మళ్లీ స్టార్ట్ చేసేయండి. తేడా ఉంటేనే డిసేబుల్. మామూలు హార్డ్ డిస్క్ ఉన్న సిస్టమ్‌లో ఇది ఎంతో కొంత మేలు చేసేదే.

7. స్టార్టప్ బరువు దించడం

టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ తెరవండి. ఇంపాక్ట్ దగ్గర హై అని ఉన్నవాటితో మొదలుపెట్టి, రోజూ అవసరం లేనివి డిసేబుల్ చేయండి. ప్రింటర్ సహాయకులు, మీటింగ్ యాప్‌లు, గేమ్ లాంచర్లు, అప్‌డేటర్లు. డిసేబుల్ చేసినంత మాత్రాన ప్రోగ్రాము పోదు, మీరు తెరిచినప్పుడు పనిచేస్తుంది. యాంటీవైరస్‌ను, టచ్‌ప్యాడ్, ఆడియో పేర్లున్నవాటిని ముట్టుకోకండి.

ఇంకా తేలకపోతే క్లీన్ బూట్, అంటే బయటి సర్వీసులన్నీ ఆపి విండోస్‌ను మొదలుపెట్టడం. స్టార్ట్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి, సర్వీసెస్ ట్యాబ్‌లో హైడ్ ఆల్ మైక్రోసాఫ్ట్ సర్వీసెస్ ముందు టిక్ పెట్టండి. ఆ తర్వాతే డిసేబుల్ ఆల్. ఈ వరుస తారుమారైతే విండోస్ సొంత సర్వీసులు కూడా ఆగిపోతాయి. రీస్టార్ట్ చేశాక డిస్క్ ప్రశాంతంగా ఉంటే దోషి బయటి ప్రోగ్రామే. సగం సర్వీసులు తిరిగి ఆన్ చేసి చూడండి, అందులో లేకపోతే మిగతా సగం. నాలుగైదు రీస్టార్టుల్లో దొరుకుతుంది.

8. ఇల్లు సర్దడం

డిస్క్ ఆరోగ్యం బాగుందని 4వ మెట్టులో తేలాకే ఇది.

1) సీ డ్రైవ్‌లో కనీసం 15 శాతం ఖాళీ ఉంచండి. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్‌లో శుభ్రం చేయొచ్చు. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ అని కూడా ఉంటుంది. చూడకుండా టిక్ పెట్టి హాల్ టికెట్లు, రసీదులు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

2) సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, టూల్స్, చెక్. కరెంటు పోయి సిస్టమ్ ఠక్కున ఆగిపోయిన ప్రతిసారీ ఫైళ్ల పట్టికలో తప్పులు చేరే అవకాశం ఉంది, అవి దీంతో సరవుతాయి.

3) అదే టూల్స్‌లో ఆప్టిమైజ్. మామూలు హార్డ్ డిస్క్ అయితే చెల్లాచెదురైన ఫైలు ముక్కలను ఒకచోటికి చేరుస్తుంది. మన కిరాణా కుర్రాడికి ఒకే రకం సరుకు ఒకే అరలో దొరికినట్టు. వారానికోసారి షెడ్యూల్ ఆన్‌లో ఉందో లేదో చూడండి, చాలు. బయటి డీఫ్రాగ్ ప్రోగ్రాములు అక్కర్లేదు.

9. ఎస్ఎస్‌డీ వేసుకోవడం

ర్యామ్ 8 జీబీ ఉంది, డిస్క్‌కు జబ్బు లేదు, స్టార్టప్ సర్దారు, అయినా రోజూ ఇదే గోల అంటే ఇక దానితో పోరాడి లాభం లేదు. ఇప్పటి విండోస్ చిన్న పనులతో నిండిపోయి ఉంటుంది, తిరిగే పళ్లెం వాటిని అందుకోలేదు. సాటా ఎస్ఎస్‌డీకి హెడ్ జరగడం, పళ్లెం కోసం ఆగడం ఉండవు. పెద్ద ఫైళ్లలో సెకనుకు 500 ఎంబీ దాకా ఇస్తుంది, చిన్న పనుల్లోనైతే పోలికే లేదు.

- పాత ల్యాప్‌టాప్‌కైనా డెస్క్‌టాప్‌కైనా 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీ సరిపోతుంది. ఎన్‌వీఎంఈ (మదర్‌బోర్డు స్లాటులో పెట్టే ఇంకా వేగమైన ఎస్ఎస్‌డీ) కొనే ముందు ఆ స్లాటు ఉందో లేదో చూసుకోండి.
- విండోస్‌కు 256 జీబీ చాలు. ఫోటోలు, సినిమాలు పాత డిస్క్‌లోనే ఉండొచ్చు, అది ఆరోగ్యంగా ఉంటేనే.
- పాత డిస్క్ బాగుంటే క్లోనింగ్ (విండోస్‌తో సహా డిస్క్ మొత్తాన్ని కొత్తదానిలోకి కాపీ చేయడం) చేసుకోవచ్చు. క్లోన్‌జిల్లా ఉచితం, కానీ కొత్త డిస్క్ పాతదానికంటే చిన్నదైతే మామూలు పద్ధతిలో ఒప్పుకోదు. ఏది పాతది, ఏది కొత్తది అన్నది రెండుసార్లు చూసి నొక్కండి.
- పాత డిస్క్ జబ్బుదైతే క్లోనింగ్ వద్దు. డేటా తీసుకుని కొత్తగా విండోస్ వేసుకోండి. డిజిటల్ లైసెన్స్ ఉన్న సిస్టమ్‌లో అదే ఎడిషన్ వేస్తే, ఇంటర్నెట్ పెట్టాక తనే యాక్టివేట్ అవుతుంది.

ఇప్పటికే ఎస్ఎస్‌డీ ఉండి 100 శాతం చూపిస్తుంటే ముందు ఖాళీ చోటు చూడండి. నిండిపోయిన ఎస్ఎస్‌డీ రాయడంలో బాగా నెమ్మదిస్తుంది. తర్వాత 4, 5 మెట్లు మామూలే.

10. ఎక్కువమంది చేసే తప్పులు

- బ్యాకప్ లేకుండా స్కాన్ పెట్టడం. పెండింగ్ సెక్టర్లున్న డిస్క్ మీద గంటల తరబడి నడిచే పూర్తి చెక్‌డిస్క్ (డిస్క్‌లో ప్రతి చోటునూ తనిఖీ చేసే స్కాన్) పెడితే ఉదయానికి డిస్క్ కనబడకపోవచ్చు. అప్పటికే పెట్టేసి ఉంటే, అది నడుస్తుండగా పవర్ తీయకుండా అయ్యేదాకా ఆగి, వెంటనే కాపీ తీసుకోండి.
- విండోస్ అప్‌డేట్‌ను శాశ్వతంగా ఆపేసే చిట్కాలు పాటించడం. ఆపి ఉంటే తిరిగి ఆన్ చేయండి, ఒక రాత్రి కేటాయించండి.
- పీసీ బూస్టర్, క్లీనర్ పేరుతో వచ్చేవి వేసుకోవడం. స్టార్టప్‌లో ఇంకొకటి చేరడం తప్ప ఒరిగేదేమీ లేదు. అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి.
- క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్. పేరు తెలియని ప్రాసెస్‌లు చాలావరకు దీంతోనే వస్తాయి. తీసేశాక విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ ఒకసారి నడపండి.

11. షాపుకు వెళ్లక తప్పకపోతే

స్లోగా ఉందని మాత్రమే చెబితే ఫార్మాట్ కొట్టి పంపుతారు. అందుకే నోట్‌బుక్ పేజీ తీసుకెళ్లండి: రెస్పాన్స్ టైమ్ ఎంత ఉంది, 05, సీ5, సీ6, సీ7 ఎంత ఉన్నాయి, ర్యామ్ ఎంత శాతం, రిసోర్స్ మానిటర్‌లో ఏ పేర్లు వచ్చాయి, ఇప్పటిదాకా మీరు ఏం మార్చారు.

అడగాల్సినవి కూడా ముందే అడగండి. డేటా మీద చేయి వేసే ముందు ఫోన్ చేస్తారా? సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేస్తారా, మొత్తమా? కొత్త డిస్క్‌కు బిల్లు, వారంటీ ఎన్నేళ్లు? డిస్క్ మారిస్తే పాతది మీ చేతికి తిరిగి ఇవ్వాలని సిస్టమ్ అప్పగించేటప్పుడే చెప్పండి. చచ్చిపోయిన డిస్కే కదా అని వదిలేసి రావొద్దు. మీ ఆధార్ స్కాన్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఇంకా అందులోనే ఉన్నాయి.